సీలు మీద ఉన్న నమ్మకం కుళాయి మీద ఎందుకు లేదు?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. మీ సంస్థ సమావేశాలకు చిన్న నీళ్ల సీసాలు తెప్పించడం మానేద్దామని మీరు ప్రతిపాదించారు. బాగా చదువుకున్నవారే ముందు అడ్డం తిరిగారు. సీలు విప్పని సీసా అయితేనే తాగుతామన్నారు. సమావేశం ముగిసేసరికి సగం తాగి వదిలేసిన సీసాలు బల్లల మీదా కుర్చీల కిందా దొర్లుతున్నాయి. వాటిని పోగుచేసి వెనుక ఖాళీ స్థలంలో తగలబెడుతున్నారు. ఆ నీళ్లు నిజంగా అంత మంచివేనా, ఈ అలవాటు మారుతుందా, మారాలంటే ఎక్కడ పట్టుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేశాను. ఆ తరువాత చెత్త సేకరణ కేంద్రాలతో కలిసి పనిచేస్తున్నాను. ఒకే సీసాను నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ అయ్యాకా చూసే అవకాశం అందరికీ దొరకదు కనుక, జవాబు కాస్త పొడవైనా ఓపిక పట్టండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు చెత్తబుట్ట దగ్గర మొదలుపెట్టారు, అందుకే ఎవరూ వినలేదు. ఆ సీసా చెత్తగా మారడానికి గంట ముందే ఒక నిర్ణయం జరిగిపోయింది. 'ఇక్కడి కుళాయి నీళ్లను నేను నమ్మను' అన్నదే ఆ నిర్ణయం. దాన్ని కదపకుండా పర్యావరణం గురించి ఎంత చెప్పినా జనం తల ఊపుతూనే చేత్తో సీసా అందుకుంటారు. వాళ్లను కపటులనుకోనక్కరలేదు. భూమికి జరిగే హాని రేపటిది, పైగా అందరిదీ. కడుపునొప్పి ఈ రాత్రిది, తన ఒక్కడిదీ. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెడితే ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

ఈ సీసా వయసు కూడా తక్కువే. తేలికగా ఉండి, గ్యాసు పానీయాల ఒత్తిడిని తట్టుకునే పెట్ ప్లాస్టిక్ సీసాకు అమెరికాలో నథానియల్ వైత్ అనే ఇంజనీరు 1973లో పేటెంటు పొందాడు. అంటే ఇది నాబోటివాళ్ల కళ్లముందు పుట్టి పెరిగిన అలవాటు. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా నీళ్ల కోసం వాడిన ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు దాదాపు 60,000 కోట్లు. వాటి నుంచి వచ్చిన చెత్త రెండున్నర కోట్ల టన్నులు. నిమిషానికి లెక్కగడితే పది లక్షలకు పైనే.

అయితే వీటిని కొనేవారందరూ ఒక్క రకం కాదు. సురక్షితంగా నిర్వహించే తాగునీరు అందనివారు ప్రపంచంలో 220 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన 2022 నాటి లెక్క. ఘనా, నైజీరియా వంటి దేశాల్లో అర లీటరు నీళ్లు పోసి అతికించిన ప్లాస్టిక్ సంచులే లక్షలాది మందికి రోజువారీ మంచినీళ్లు. ఆ సంచులే మురుగు కాలువల్లో అడ్డుపడుతున్నాయి. ఆ కొనుగోలుదారుకు ప్లాస్టిక్ గురించి పాఠం చెప్పడానికి నాకు నోరు రాదు. అతనికి ముందు కావలసింది కుళాయి. మీ సమావేశాలకు వచ్చేవారు రెండో రకం. వాళ్లింట్లో నీళ్లు వస్తాయి, కాచుకునే వీలుంది, శుద్ధి యంత్రం కూడా ఉండే ఉంటుంది. అయినా గడప దాటగానే సీసానే నమ్ముతారు. నేను ఇక్కడ మాట్లాడేది వీళ్ల గురించే.

వీళ్ల అపనమ్మకాన్ని మూఢత్వమని కొట్టిపారేయకండి. అమెరికాలోని ఫ్లింట్ నగరం సంగతి చూడండి. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ నగర నీటి సరఫరాను డెట్రాయిట్ వ్యవస్థ నుంచి తప్పించి ఫ్లింట్ నదికి మార్చారు. గొట్టాలను నీళ్లు తినేయకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసపు లోహం నీళ్లలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లు తెచ్చి చూపిస్తున్నా నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు చెబుతూ వచ్చారు. తరువాత మూలం మార్చారు, గొట్టాలు మార్చారు, పరీక్షల్లో సీసం పరిమితిలోపుకు దిగిందని 2018లో ఉచిత సీసాల పంపిణీ కూడా ఆపారు. అయినా ఆ తరువాత కూడా చాలామంది కుళాయి నీళ్లు నోట పెట్టలేదు. నా దృష్టిలో అక్కడ నమ్మకాన్ని ఎక్కువగా చంపింది సీసం కన్నా 'బాగానే ఉన్నాయి' అన్న ఆ మాటే. నీళ్లు చెడితే బాగుచేయవచ్చు. చెడిన నీళ్లను మంచివని చెప్పాక, నిజంగా మంచివి ఇచ్చినా ఎవరు నమ్ముతారు?

చిత్రమేమిటంటే సీసా చేసిన తప్పుల్ని జనం ఇట్టే మరిచిపోతారు. 1990లో పెరియే అనే ఫ్రెంచి బ్రాండు సీసా నీళ్లలో బెంజీన్ అనే హానికర రసాయనం జాడ బయటపడితే ప్రపంచమంతటా 16 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించవలసి వచ్చింది. 2004లో కోకాకోలా సంస్థ బ్రిటన్‌లో దసానీ అన్న పేరుతో అమ్మిన నీళ్లు లండన్ శివారులోని కుళాయి నీళ్లేనని తెలిసి పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ వెంటనే వాటిలో బ్రోమేట్ అనే హానికర రసాయనం చట్టం అనుమతించిన పరిమితి దాటిందని తేలి దాదాపు 5 లక్షల సీసాలు వెనక్కి తీసుకున్నారు. విశేషమేమిటంటే ఆ బ్రోమేట్ కుళాయి నుంచి వచ్చినది కాదు, కంపెనీ 'మెరుగుపరిచే' ప్రక్రియలో పుట్టినది. ఇంత జరిగినా జనం మరో బ్రాండు కొనుక్కున్నారే తప్ప సీసా నీళ్లను మానలేదు. సీసాలో తప్పు దొరికితే ఆ బ్రాండుకు అంటుకుంటుంది. ఒక వీధి కుళాయిలో తప్పు దొరికితే మాత్రం అన్ని ఊళ్ల కుళాయిలకూ అంటుకుంటుంది.

దీనికి నాకు తోచిన కారణం ఒకటుంది. నీటి మంచిచెడులు కంటికి కనబడవు, సీలు కనబడుతుంది. మూత తిప్పినప్పుడు వినబడే ఆ చిటపట చప్పుడు ఒక హామీ పత్రంలా పనిచేస్తుంది. ప్రయోగశాలలో మేం వెతికే శత్రువులన్నిటికీ రంగూ వాసనా ఉండవు. మలంతో కలుషితమైందని చెప్పే ఈ.కోలి కనబడదు. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ అద్దంలాంటి నీళ్లలో కూడా హాయిగా ఉంటాయి. కనబడేవీ వాసన వచ్చేవీ మాత్రం తరచుగా అమాయకమైనవి. క్లోరిన్ వాసన రాగానే ముఖం చిట్లించేవారిని ఎంతమందిని చూశానో! అది నిజానికి కాపలావాడు మేలుకొని ఉన్నాడనడానికి గుర్తు. కుళాయి దగ్గరకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దారిలో గొట్టం పగిలి మురుగు కలిస్తే ఎదుర్కొనేది ఆ మిగిలినదే. వాసన ఇబ్బందిగా ఉంటే నీళ్లను శుభ్రమైన పాత్రలో పోసి, పలుచని మూత వేసి కొన్ని గంటలు ఉంచితే చాలావరకు పోతుంది.

జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ సమావేశంలో ఎవరో ఒకరు దాన్ని తీసి ముంచుతారు. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, అంటే కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేయడం వరకే దాని పని. బాక్టీరియాను అది చూడలేదు. ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వందో వంతు. వందల్లో అంకెలు చూపే మీటరుకు అది చీమ తలకాయంత కూడా ఆనదు. మురుగు కలిసిన నీళ్లకు తక్కువ అంకె రావచ్చు, నిక్షేపమైన బావి నీళ్లకు ఎక్కువ అంకె రావచ్చు. ఆ యంత్రాన్ని చూపించి భయపెట్టి అమ్మకాలు సాగించే వ్యాపారం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, సీసాలో నీళ్లు మంచివేనా అన్న మీ ప్రశ్నకు వస్తాను. నియమాలు పాటించే కర్మాగారంలో నింపినవైతే సూక్ష్మజీవుల విషయంలో సాధారణంగా ఫరవాలేదు. మంచి కుళాయి నీళ్ల కన్నా మెరుగైనవనడానికి మాత్రం ఆధారం లేదు. ప్లాస్టిక్ రేణువుల సంగతికి వస్తే సీసాది వెనుకబడిన పక్షమే. 2018లో అమెరికాలోని ఫ్రెడోనియా విశ్వవిద్యాలయంలో 11 బ్రాండ్లకు చెందిన 259 సీసాలను పరీక్షిస్తే 93 శాతం సీసాల్లో సూక్ష్మ ప్లాస్టిక్ జాడలు కనబడ్డాయి. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లేజరు పద్ధతితో ఇంకా చిన్న రేణువులను కూడా లెక్కపెడితే లీటరుకు సగటున 2,40,000 తేలాయి. వాటిలో దాదాపు 90 శాతం నానో పరిమాణంలోనివి, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవి. అందులో నాకు భలే విడ్డూరంగా తోచిన సంగతి ఒకటుంది. సీసా తయారయ్యే పెట్ కన్నా ఎక్కువగా కనబడింది పాలీఅమైడ్, అంటే నైలాన్ జాతి ప్లాస్టిక్. అది బహుశా నీళ్లను శుద్ధి చేసే వడపోత పొరల నుంచే వచ్చి ఉంటుందని ఆ పరిశోధకుల అంచనా.

ఈ అంకెలు పట్టుకుని జనాన్ని బెదిరించకండి. సూక్ష్మ ప్లాస్టిక్‌ల వల్ల ఆరోగ్యానికి ఇంత హాని అని తేల్చడానికి ఆధారాలు చాలవని, తాగునీటిలో మొదట పట్టించుకోవలసింది రోగకారక సూక్ష్మజీవులనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదికలో స్పష్టంగా అంది. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. విరేచనాలు ఇప్పటికీ పసిపిల్లల్ని చంపుతున్నాయి. అయితే 'స్వచ్ఛత కోసం సీసా' అన్న వాదనకు మాత్రం ఆ అంకెలు గట్టి దెబ్బే. స్వచ్ఛతే కావాలంటే, ప్లాస్టిక్‌ను ఒంటి చుట్టూ చుట్టుకుని, మూత తిప్పిన ప్రతిసారీ కాస్త రాపిడి పొడి రాల్చుకునే పాత్రను ఎంచుకోవడమేమిటి?

ఎండలో పెట్టిన సీసా గురించి వాట్సాప్‌లో తిరిగే భయాలు మీకూ వచ్చే ఉంటాయి. నిజం ఇది: పెట్ తయారీలో ఆంటిమొనీ సమ్మేళనాన్ని ఉత్ప్రేరకంగా వాడతారు, వేడికి అది కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. అమెరికాలోని ఆరిజోనా పరిశోధకులు 2008లో కొలిచి చూస్తే, అక్కడి పరిమితిని, అంటే లీటరుకు 6 మైక్రోగ్రాములను దాటడానికి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద 176 రోజులు, 70 డిగ్రీల వద్ద 12 రోజులు, 85 డిగ్రీల వద్ద రోజున్నర లోపు పట్టింది. కాబట్టి మధ్యాహ్నం కారులో ఉండిపోయిన సీసా విషం కాదు. ఎండలో నెలల తరబడి నిల్వ ఉంచిన సరుకు మాత్రం నాకు వద్దు. మరుగుతున్న నీళ్లు అందులో పోయడం కూడా వద్దు. ఇంకో సంగతి తెలిస్తే ఆశ్చర్యపోతారు. కుళాయి లేనిచోట అదే పారదర్శకమైన పెట్ సీసాలో తేట నీళ్లు నింపి ఆరు గంటలు మంచి ఎండలో ఉంచితే అతినీలలోహిత కిరణాలకు రోగక్రిములు చస్తాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎయావాగ్ సంస్థ ఈ పద్ధతిని ప్రచారం చేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని ఆమోదించింది.

కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనానిది వేరే కథ. చిన్న సీసాల పెట్‌లో అది ఉండదు. మళ్లీ మళ్లీ నింపే పెద్ద గట్టి డబ్బాలు పాలీకార్బొనేట్‌తో చేసినవైతే ఉంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాని అనుమతించదగిన మోతాదును 20,000 రెట్లు తగ్గించింది, ఆ వెనుకే ఐరోపా సమాఖ్య ఆహారానికి తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధించే నిర్ణయం తీసుకుంది. గీతలు పడి మసకబారిన పాత డబ్బాలు వాడుతుంటే మార్పించండి. ఇక ఒకసారి వాడే సీసాను మళ్లీ నింపి వాడితే రసాయనాల కన్నా ముందు మన నోటి క్రిములే సమస్య. దాని సన్నని మెడలోకి బ్రష్షు పోదు, గోడలకు పట్టిన జిగురు పోదు. వెడల్పు మూతి ఉన్న స్టీలు సీసా కొని రోజూ తోముకుంటే ఈ తంటా ఉండదు.

ఇప్పుడు ఖాళీ సీసా సంగతి. 'రీసైకిల్ అవుతుంది కదా' అన్నది జనానికి దొరికిన అతిపెద్ద ఊరట. 2017లో గేయర్, జాంబెక్, లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం 2015 నాటికి మనిషి తయారుచేసిన 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్‌లో 630 కోట్ల టన్నులు చెత్తయింది. అందులో రీసైకిల్ అయినది 9 శాతం, కాల్చినది 12 శాతం. మిగిలిన 79 శాతం గుట్టల్లోనో, నేల మీదో, నీళ్లలోనో ఉంది. సీసా అడుగున త్రిభుజంలో కనిపించే అంకెను చాలామంది రీసైక్లింగ్ హామీ అనుకుంటారు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన ఆ అంకె, వస్తువు ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. ఒకటి అంటే పెట్. నిజానికి ప్లాస్టిక్‌లన్నిటిలోనూ అదృష్టవంతురాలు అదే, చెత్త ఏరేవారు కూడా దానికోసమే వంగుతారు. కానీ అలా చేరిన సీసాల్లో చాలా భాగం మళ్లీ సీసా కాదు. పాలియెస్టర్ దారమై దుస్తుల్లోకో తివాచీల్లోకో వెళుతుంది, అక్కడితో దాని ప్రయాణం దాదాపు ముగుస్తుంది.

వేరుచేసే కేంద్రంలో నిలబడితే ఇంకొన్ని తెలుస్తాయి. సీసాలను ముక్కలు చేసి నీళ్లలో వేస్తే పెట్ మునుగుతుంది, మూత తాలూకు ప్లాస్టిక్ తేలుతుంది. అందుకని మూత పెద్ద అడ్డంకి కాదు, విడిగా పారేస్తే అదే చిన్నదై కాలువలపాలవుతుంది. ఐరోపాలో 2024 జులై నుంచి మూత సీసాకే అతుక్కుని ఉండాలన్న నియమం వచ్చింది ఇందుకే. పెట్ కుప్పలో పీవీసీ కొద్దిగా కలిసినా కరిగించేటప్పుడు మొత్తం సరుకు పచ్చబడి పాడవుతుంది. రంగు సీసాకు ధర తక్కువ. అన్నిటికన్నా విసుగు పుట్టించేది మీరు వర్ణించిన సగం తాగిన సీసా. బరువు మోసుకుపోలేరు, చెత్త వేరుచేసే కదిలే పట్టీ మీద దాన్ని విప్పి పారబోసే తీరిక లేదు, పక్కన పడేస్తారు. సీసాను సగంలో వదిలేసినవాడు ఇక్కడ నీటిని, ప్లాస్టిక్‌ను, ఇంకొకరి కూలిని ఒకేసారి వృథా చేశాడు.

రీసైక్లింగ్ బుట్ట పెట్టడం మంచిదే, కానీ దాని ప్రభావం కాస్త విచిత్రంగా ఉంటుంది. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో కత్తెర ఎంత బాగా తెగుతోందో చూడమని మనుషులకు కాగితాలిచ్చారు. పక్కన రీసైక్లింగ్ బుట్ట కనబడిన గదిలోనివారు మామూలు చెత్తబుట్ట ఉన్న గదిలోనివారి కన్నా ఎక్కువ కాగితం కత్తిరించారు. బుట్టను చూడగానే మనసు తేలికపడింది, చేయి వదులైంది. మీ హాలులో ఆకుపచ్చ బుట్ట పెట్టి అంతటితో ఊరుకుంటే సీసాలు పెరిగినా నేను ఆశ్చర్యపోను.

పడేసే అలవాటు గురించి మనం ఎక్కువగా మనుషుల సంస్కారాన్ని తిడతాం. పరిశోధనలు మరోవైపు చూపిస్తున్నాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 2008 నాటి ప్రయోగంలో సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించారు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చి రాతలు రాసినప్పుడు 69 శాతం మంది పడేశారు. వీధి అదే, వచ్చిపోయేవాళ్లూ అలాంటివాళ్లే. మనిషి చుట్టూ చూసి, ఇక్కడ ఏది చెల్లుతుందో క్షణంలో తెలుసుకుంటాడు. మీ బల్లల మీద మొదటి విరామానికే పది సీసాలు పడి ఉంటే పదకొండోది పెట్టేవాడికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇందులో ఒక పాత తెలివి కూడా ఉంది. 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థ 1953లో ఏర్పడింది, దాని వెనుక పానీయాల, ప్యాకేజింగ్ కంపెనీలున్నాయి. చెత్త చూసి కన్నీరు కార్చే మనిషితో అది 1971లో ఇచ్చిన ప్రకటన ఎంతో పేరు పొందింది. కాలుష్యాన్ని మొదలుపెట్టేది మనుషులే, ఆపగలిగేదీ మనుషులేనన్నది దాని సారం. అదే 1971లో ఓరెగాన్ రాష్ట్రం పానీయాల సీసాలకు డిపాజిట్, అంటే కొనేటప్పుడు అదనంగా కట్టి ఖాళీ సీసా తిరిగిస్తే వెనక్కి తీసుకునే సొమ్ము, తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అలాంటి చట్టాలను ఆ పరిశ్రమ గట్టిగా వ్యతిరేకిస్తూ వచ్చింది. పడేసేవాడి మీద వేలు చూపడం ఉచితం, సీసాను వెనక్కి తీసుకోవడానికి ఖర్చవుతుంది. ఈ రెండింటిలో కంపెనీలు దేన్ని ప్రోత్సహించాయో చూస్తే, మనకు వచ్చిన 'బాధ్యత గల పౌరుడు' పాఠాల్లో కొన్ని ఎక్కడ అచ్చయ్యాయో తెలుస్తుంది. పౌరుడికి బాధ్యత లేదని నేననడం లేదు. అతని నెత్తిన పెట్టింది అతని వంతు కన్నా చాలా ఎక్కువ అంటున్నాను.

డిపాజిట్ పనిచేస్తుంది, అందులో నాకు సందేహం లేదు. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే సీసాల మీద డిపాజిట్ ఉంది. ఇప్పుడది 25 సెంట్లు, తిరిగి వచ్చే సీసాలు దాదాపు 98 శాతం. నార్వేలో కంపెనీలు వెనక్కి రప్పించే శాతం పెరిగే కొద్దీ పర్యావరణ పన్ను తగ్గుతుంది, 95 శాతం దాటితే పన్నే ఉండదు. జర్మన్లు పుట్టుకతో శుభ్రులు, మనం కాదు అనే మాట వింటే నవ్వొస్తుంది. డిపాజిట్ రాక ముందు అక్కడి రోడ్ల పక్కనా డబ్బాలు పడే ఉండేవి కదా.

నిషేధం ఒక్కటే చాలుతుందా అంటే, అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం అనుభవం చూడండి. 2013లో అక్కడ ప్రాంగణంలో నీళ్ల సీసాల అమ్మకం ఆపేశారు. పర్యవసానాన్ని 2015లో ప్రచురించారు. విద్యార్థుల తలసరి లెక్కన ప్రాంగణానికి వచ్చిన మొత్తం సీసాలు తగ్గకపోగా పెరిగాయి. నీళ్లకు బదులు తీపి పానీయాలు కొన్నారు. ప్లాస్టిక్ అలాగే ఉండిపోయింది, పంచదార అదనంగా చేరింది. నీళ్లు నింపుకునే కుళాయిలు ప్రాంగణంలో ఉన్నా అలవాటు అటు మళ్లలేదు. అంతకుముందు 2009లో ఆస్ట్రేలియాలోని బండనూన్ అనే చిన్న ఊరు దుకాణాల్లో నీళ్ల సీసాలు అమ్మకూడదని నిర్ణయించుకుంది. అక్కడ ఊరి జనమే సభ పెట్టి చేతులెత్తి ఒప్పుకున్నారు, ప్రధాన వీధిలో వడపోసిన నీళ్ల కుళాయిలు పెట్టుకున్నారు. పైనుంచి వచ్చిన ఆజ్ఞకూ తాము చేసుకున్న కట్టుబాటుకూ ఉన్న తేడా అది.

మీ సంస్థలో ఏం చేయవచ్చో చెబుతాను. మొదట మీ నీళ్లను గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. అడగవలసినవి కొన్నే: వంద మిల్లీలీటర్లలో ఈ.కోలి అసలు ఉండకూడదు. లీటరుకు నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువలు, మీ దేశపు ప్రమాణం ఇంకా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. నమూనాను భూగర్భ తొట్టి దగ్గర కాక, జనం గ్లాసు పెట్టే చోటే తీయించండి. ఎక్కువసార్లు తప్పు దొరికేది సరఫరాలో కాదు, ఏళ్లుగా కడగని పై ట్యాంకులో. ఫలితాలు వచ్చాక శుద్ధి పద్ధతి ఎంచుకోండి. ముందే ఆర్‌ఓ యంత్రం కొనేసి దానికి తగ్గ జబ్బును నీళ్లలో వెతకవద్దు. లవణాలు, నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఎక్కువుంటే దాని అవసరం ఉంది. లేకపోతే వడపోత, అతినీలలోహిత దీపం చాలు. ఇళ్లలో వాడే ఆర్‌ఓలు తరచూ ఒక లీటరు ఇచ్చి అంతకు రెండు మూడు రెట్లు పారబోస్తాయి. కాచి తాగేవారైతే నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, కానీ కాచినంత మాత్రాన ఫ్లోరైడూ ఆర్సెనిక్కూ పోవు.

పరీక్ష ఫలితాన్ని ఫైలులో దాచకండి. నీళ్ల దగ్గరే, నిలబడి చదవగలిగే ఎత్తులో అతికించండి. పరీక్ష తేదీ, ట్యాంకు కడిగిన తేదీ, తరువాత కడగబోయే తేదీ, బాధ్యుడి పేరు ఉండాలి. ఎప్పుడైనా ఫలితం చెడుగా వస్తే అది కూడా అక్కడే అతికించి, ఆ రోజు నీళ్లు ఆపండి. ఇదే మీరు చేయగల అతి ముఖ్యమైన పని అంటాను. 'మా నీళ్లు ఎప్పుడూ బాగుంటాయి' అని రాసిన బోర్డును ఎవరూ నమ్మరు. ఒకసారి 'ఈ రోజు బాగాలేవు' అని రాసిన చోటనే మిగతా రోజుల మాట చెల్లుతుంది.

తరువాత సీలు ఇచ్చే ధైర్యానికి బదులుగా కంటికి కనబడేదేదో ఇవ్వాలి. మూత ఉన్న గాజు జగ్గులు, బోర్లించిన గ్లాసులు, ఎదురుగానే కడిగే ఏర్పాటు పెట్టండి. నీళ్ల యంత్రాన్ని మరుగుదొడ్ల పక్క మూల నుంచి తెచ్చి హాలు ద్వారం దగ్గర పెట్టండి. అక్కడ ఉన్నంతకాలం ఎంత శుద్ధి చేసినా మనసు ఒప్పదు, నాకైనా ఒప్పదు. సీసాలను పూర్తిగా మానకండి, కానీ ముందుగా బల్లల మీద పేర్చవద్దు. అడిగినవారికే ఇవ్వండి. ఎదురుగా ఉంటే తీసుకునేవారిలో చాలామంది లేచి వెళ్లి అడగరు. అన్నిటికన్నా ముందు వేదికను మార్చండి. వేదిక మీద అధ్యక్షుడి ముందు సీలు సీసా, కింద శ్రోతలకు జగ్గు ఉంటే, ఏది పెద్దవాళ్ల నీళ్లో ఏది మామూలు జనం నీళ్లో మీరు చెప్పకనే చెప్పినట్టు. అధ్యక్షుడు జగ్గులోవి పోసుకుని తాగడం నలుగురూ చూశాక మీ కరపత్రాలు అక్కరలేదు.

తగలబెట్టడం మాత్రం ఈ రోజే ఆపించండి, దీనికి చర్చ అనవసరం. ఆ కుప్పలో ఒక్క సీసాలే ఉండవు. రేకులు, కవర్లు, పీవీసీ ముక్కలు కలిసి కాలితే డయాక్సిన్లు పుడతాయి. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రపంచం నుంచి తొలగించాలని పెట్టుకున్న విషాల జాబితాలో అవి ఉన్నాయి. మంట పెట్టే మనిషే వాటిని మొదట పీలుస్తాడు. అలాగని ఖాళీ సీసాలను ఆరుబయట వానకు వదిలేసినా లాభం లేదు. డెంగీ వ్యాపింపజేసే ఏడిస్ దోమ సీసా మూతలో నిలిచిన నీళ్లలో కూడా గుడ్లు పెట్టగలదు.

అడిగినవారికి ఇచ్చే ఆ కొద్ది సీసాలనైనా, కొనేముందు మీ దగ్గర చెత్త తీసుకెళ్లేవారితో మాట్లాడండి. ఏ సీసా తీసుకుంటారో, ఏది పారేస్తారో వాళ్లకు ఏ కంపెనీ కన్నా బాగా తెలుసు. సాధారణంగా రంగులేని పెట్, చిన్న చుట్టు లేబులు ఉన్నది అడుగుతారు. దాన్నే కొనండి. సమావేశం చివర నీళ్లు పారబోయడానికి ఒక బకెట్టు, దాని పక్కనే సీసాల బుట్ట పెట్టి, బకెట్టు నీళ్లు మొక్కలకు పోయించండి. సీసాను నలిపి మూత బిగించి ఇస్తే మోసేవాళ్లకు సగం బరువు దిగినట్టే. పరీక్ష ఫలితాలు వచ్చాక అంకెలు ఇక్కడ రాయండి, ఏ శుద్ధి సరిపోతుందో చూసి చెబుతాను.